హంతకుడికో తల్లి

పోయినవారం గుల్కాన్ రాణిగారి రొమ్ము మీద హంతకుడి పళ్ళు ఆనించి, సరిగ్గా అక్కడే మిమ్మల్ని వదిలేశాను. తిట్టుకున్నారని తెలుసు. కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి మళ్ళీ ఆ చావడిలోకే తీసుకుపోతాను.

మా తెత్రిఖేవి రాజ్యం పేరుకే రాజ్యం. రెండు కొండల నడుమ ఒక లోయ, ఒక కోట, లోయ చివర పడమటికి దిగే ఒక కనుమ. తూర్పున పర్షియా షా, పడమట సుల్తాను. వాళ్ళిద్దరిలో ఎవరికి కోపం వచ్చినా ముందు తగలబడేది మా ఇళ్ళే. రాజు ఎలిజ్బార్‌కి పిల్లల్లేరు. తమ్ముడు శల్వాను పసితనంలోనే షా దగ్గరికి జామీనుగా పంపించారు. పెరిగి పెద్దవాడై తిరిగొచ్చాడు, రోదాంని చేసుకున్నాడు, పోయిన ద్రాక్షకోతల తరవాత వేటకి వెళ్ళి శవమై వచ్చాడు. చంపింది కనుమ కాపలా నాయకుడు బెజాన్. చలికాలమంతా వాడు కొండల్లో దాక్కున్నాడు. మంచు కరగగానే షా సైన్యం వచ్చి లోయ మొదట్లో గుడారాలు వేసింది. శల్వా తమ మనిషట. పొద్దు గుంకేలోపు బెజాన్‌ని ప్రాణాలతో అప్పగించాలి. లేదంటే ద్రాక్షతీగలన్నీ మొదలంటా నరికి, జనాన్ని దూరాన షా దేశంలోని ఖొరాసాన్‌కి తోలుకుపోతారు. కోటంతా వాడి కోసం వెతుకుతుంటే వాడే మధ్యాహ్నం తిరిగాక నడుచుకుంటూ వచ్చి, కాపలావాళ్ళని తోసుకుని, రాజుగారి తల్లి గుల్కాన్ కాళ్ళ మీద పడ్డాడు. పడి, ఆ పని చేశాడు.

చావడిలో ఎవరూ కదల్లేదు. కప్పు నడిమి పొగగూడు నుంచి పడే వెలుతురులో ముసలి రాణి పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. నీళ్ళోడుతున్న గొర్రెతోలు కోటుతో బెజాన్ ఆమె మోకాళ్ళ ముందు కూలబడి ఉన్నాడు. రవిక పక్కకి లాగిన చోట, డెబ్భై దాటిన ఆ రొమ్ము మీద పళ్ళ గుర్తు ఎర్రగా కనపడుతోంది.

మా దగ్గర అలా పళ్ళు ఆనించినవాడు కొడుకు కింద లెక్క. ఆమె కనకపోయినా, పెంచకపోయినా, ఆమె కన్నవాణ్ణే పొట్టన పెట్టుకున్నా సరే. ఆ ఇంటివాళ్ళెవరూ ఇక వాడి మీద చెయ్యి ఎత్తకూడదు, వాడి పిల్లల మీదా ఎత్తకూడదు. ఒక్కటే మెలిక ఉంది. ఆ తల్లి నోటితో "కొడుకా" అనాలి. "పో" అని తోసేస్తే వాడు మామూలు హంతకుడే.

గుల్కాన్ ఇంకా ఏమీ అనలేదు.

రోదాం అత్తగారి పెదవుల వంకే చూస్తోంది. తోసెయ్యి అత్తయ్యా, తోసెయ్యి, అని లోపల్లోపలే బతిమాలుకుంటోంది. ఆమెకి ఈ ఆరు నెలల్లో తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. పొద్దున్న షా కబురు వినగానే లోయంతా ఏడ్చింది కానీ, దేవుడు క్షమించాలి, రోదాం మాత్రం ఏడవలేదు. మొగుణ్ణి చంపినవాణ్ణి పట్టుకుపోవడానికి ఏకంగా ఒక సైన్యమే వచ్చిందని ఆమెకి సంతోషమే కలిగింది.

తల్లి నోరు విప్పేలోపు ఎలిజ్బార్ కత్తి దూశాడు. దూసినవాడు ఆగలేదు, బెజాన్ మెడ మీదికి ఎత్తాడు.

రోదాం తల మీది నల్లగుడ్డ లాగి ఇద్దరి మధ్యా విసిరింది.

విధవ తలగుడ్డ మగాళ్ళ మధ్య పడితే కత్తులు ఆగిపోవాల్సిందే. రాజైనా అంతే. ఎలిజ్బార్ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"ఏం చేశావు రోదాం? వీడు నీ మొగుణ్ణి చంపినవాడు" అన్నాడు.

"తెలుసు బావగారూ. అందుకే వేశాను. మీరు ఒక్క వేటుతో వదిలేస్తే వీడికి అది పండగ. వీణ్ణి షా మనుషులు గుర్రాలకి కట్టి ఈడ్చుకుపోవాలి, అది నేను బురుజు మీంచి చూడాలి. ప్రాణాలతోనే ఇవ్వాలని పొద్దున్న మీరే కదా అందరికీ చెప్పారు."

ఎలిజ్బార్ కత్తి దించాడు. నెమ్మదికి పేరుపడ్డ మనిషి. భోజనాల దగ్గర గిన్నె ఎత్తి మాట్లాడ్డం మొదలుపెడితే వంటకాలు చల్లారిపోయేదాకా ముగించడని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. అంత నిదానస్తుడికి ఇంత తొందర ఎందుకొచ్చిందో రోదాంకి అర్థం కాలేదు. కానీ గుల్కాన్‌కి అర్థమైనట్టుంది. ఆమె రవిక సర్దుకుని, బెజాన్ గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నా మొహం చూడు. నా కొడుకువి కావాలని వచ్చావు. నా కొడుకులు నాకు అబద్ధం చెప్పరు. వాణ్ణి ఎందుకు చంపావు?"

"అడక్కమ్మా."

"అడక్కుండా ఎవడో ఊరూపేరూ లేనివాణ్ణి కొడుకనుకోమంటావా? చెప్పు, లేకపోతే తోసేస్తాను."

బెజాన్ ఎలిజ్బార్ వంక చూశాడు. "దొరా, నోరు మూసుకునే పోదామని వచ్చాను. షా గుడారానికి నా కాళ్ళతో నేనే పోతాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఈ రక్తం పగ వాళ్ళ మీద పడకూడదని ముందు అమ్మ దగ్గరికి వచ్చాను, అంతే. మీరు కత్తి దూయకుండా ఉండాల్సింది. ఇప్పుడు అమ్మకి అనుమానం వచ్చింది, నేనేం చేసేది?"

"చెప్పు" అంది గుల్కాన్ మళ్ళీ.

"ఆ రోజు వేటలో శల్వా దొర నా పక్కనే కూర్చుని రొట్టె తిన్నాడమ్మా. సగం తుంచి నాకిచ్చాడు. మంచు కరగగానే కనుమ తలుపు తెరిచి పక్కకి తప్పుకో అన్నాడు. షా సైన్యం కొండలు చుట్టి రెండువైపుల నుంచీ వస్తుందట, తను రాజవుతాడట, నాకు రెండూళ్ళు రాసిస్తాడట. మరి జనం సంగతేంటి దొరా అన్నాను. సగం మంది చాలని షా ఒప్పుకున్నాడన్నాడు. అక్కడ పట్టుపురుగులు పెంచడానికి మనుషులు కావాలట."

"అబద్ధం" అంది రోదాం. "చచ్చినవాడు వచ్చి చెప్పలేడని నోటికొచ్చింది కూస్తున్నావు."

బెజాన్ ఆమె వైపు తిరగలేదు. ఆమె మొహం చూసే ధైర్యం వాడికి లేదు. తల్లికే చెప్పుకుపోయాడు. "జనం దొరకరు దొరా, బూర వినపడగానే సొరంగాల్లోకి దిగిపోతారు అన్నాను. నవ్వాడు. సొరంగాల సంగతి నాకు వదిలెయ్, నాకు తెలుసు అన్నాడు."

చావడిలో ఉన్న నలుగురైదుగురు ముసలి దొరలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకే తెలియవు. మా ఊళ్ళలో ఇళ్ళ కింద సొరంగం ఎక్కడ మొదలవుతుందో ఇంటి ఆడవాళ్ళకి తప్ప తెలియదు. తల్లి కూతురికి చెప్తుంది, అత్త కోడలికి చెప్తుంది. మగవాళ్ళకి చెప్పరు. యుద్ధంలో పట్టుబడేది మగవాళ్ళు కాబట్టి, కొడితే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండకూడదు. ఇందులో మగవాళ్ళు చిన్నబుచ్చుకునేదేమీ లేదు. తరతరాలుగా ప్రాణాలు నిలిచింది ఆ కట్టుబాటు వల్లే.

వాణ్ణి అబద్ధంలో పట్టుకోవాలని రోదాం నాలుగడుగులు ముందుకొచ్చింది. "ఏ సొరంగం చెప్పాడు? ఒక్కటి చెప్పు, వింటాను."

"మీ నాన్నగారి ఊరిది" అన్నాడు బెజాన్ నేల చూస్తూ. "ద్రాక్షసారా కొట్లో భూమిలో పాతిన బానలున్నాయట. గోడవారగా ఉన్న చివరి బాన ఖాళీదట. మూత తీసి దిగితే దానికి అడుగు లేదు, కింద రాతిమెట్లున్నాయి అన్నాడు. దిగినప్పుడు మోచెయ్యి గీరుకుందని చొక్కా పైకి లాగి చూపించాడు కూడా."

ఆ మోచేతికి రోదామే నెయ్యి రాసింది.

పుట్టింట్లో కోతల పండగ అది. ద్రాక్షలు తొక్కే తొట్టిలో దిగి శల్వా జారిపడ్డాడు. పక్కవాళ్ళు పాట ఎత్తుకుంటే మాటలు రాక వెర్రిచూపులు చూశాడు. "మన షాగారొచ్చారు, కాళ్ళకి అత్తరు రాయండర్రా" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఆ తరవాత సారా కొట్లో బానల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కడ గుర్జీవాడు, కొండల పరాయివాడు అంటారు, ఇక్కడ షాగారంటారు, నేనెవరిని రోదాం, అన్నాడు. ఆమె మనసు కరిగి నీరైపోయింది. నువ్వు మావాడివేనని ఎలా చెప్పాలో తెలియలేదు. మా లోయలో ఏ మగాడికీ చెప్పనిది నీకు చెప్తున్నాను చూడు, అని ఆ బాన మూత తీసింది. అక్కడితో ఆగలేదు. పుట్టింటి ఊళ్ళో చుట్టాలందరి ఇళ్ళకీ తిప్పి అన్నీ చూపించింది. ప్రేమ పిచ్చిది. ఏది ఇవ్వకూడదో సరిగ్గా అదే తీసి చేతిలో పెడుతుంది.

"ఇంకెవరికైనా చెప్పాడా?" అని అడిగింది.

"లేదన్నాడు. స్వయంగా పోయి షా చెవిలోనే వేస్తానన్నాడు. పోనివ్వకూడదని నేను వేట విడిది నుంచి రాత్రికి రాత్రే కోటకొచ్చి రాజుగారికి చెప్పాను. ఆ తరవాతి సంగతి నేను చెప్పేది కాదు."

ఎలిజ్బార్ కత్తి ఒరలో పెట్టి, పొయ్యి గట్టు మీద కూలబడ్డాడు.

"నేనే చెప్తాను" అన్నాడు. "గియోర్గి స్వామి పటం మీద చెయ్యి వేసి వీణ్ణి నేనే పంపించానమ్మా. వీణ్ణీ వీడి పిల్లల్నీ కాపాడతానని మాట ఇచ్చి పంపాను. ఆ మాట కూడా ఇందాక తప్పబోయాను. శల్వాను జామీనుగా పంపిన నాడు నా భుజాల మీద మోసుకెళ్ళి గుర్రం ఎక్కించింది నేనే. నన్ను పంపాల్సింది. పెద్దవాణ్ణి, రాజ్యానికి కావాలని నన్ను దాచుకుని వాణ్ణి పంపారు. అక్కడ వాణ్ణి వాళ్ళు తమకి కావాల్సినట్టు తయారుచేసుకున్నారు. అందులో వాడి తప్పెంతో నాకిప్పటికీ తెలియదు. నిద్రపట్టినప్పుడల్లా అన్నయ్యా అని పిలుస్తాడు."

తల్లి ఏడుస్తుందనుకున్నారందరూ. గుల్కాన్ ఏడవలేదు. పెద్దకొడుకు వైపు తిరిగింది.

"ఇద్దర్ని కన్నాను" అంది. "ఒకణ్ణి షా సగం తిన్నాడు, మిగతా సగం నువ్వు తిన్నావు. నేనిక్కడ కూర్చుని వాడి దినాలకి గోధుమలు ఉడకబెట్టిస్తుంటే నువ్వొచ్చి ఉప్పు సరిపోయిందా అని అడిగావు." అప్పుడు పక్కకి వంగి, ఎదురుగా ఉన్న తడి తల మీద చెయ్యి వేసింది. "లే కొడుకా. నాకు నిజం చెప్పింది నువ్వొక్కడివే."

తల్లీకొడుకుల కట్టు బిగిసింది. ఇక బెజాన్‌ని చంపడానికి ఆ ఇంట్లో ఎవరికీ హక్కు లేదు.

చావడి బయట వాకిట్లో నీడలు పొడుగవుతున్నాయి. ముసలి దొరల్లో ఒకాయన గొంతు సవరించుకుని అందరికీ తెలిసిందే పైకి అన్నాడు. "ఇప్పుడేం చేద్దాం? పొద్దు వాలుతోంది."

"చెప్పాను కదా, నేను పోతాను" అన్నాడు బెజాన్. "నోరు విప్పను."

"నోరు విప్పనన్నవాళ్ళ చేత విప్పించడానికే అక్కడ జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారయ్యా" అన్నాడు ఎలిజ్బార్. "నువ్వు మంచివాడివే. మంచివాడి గోళ్ళూ గోళ్ళే, పీకితే నొప్పే. నా పేరు చెప్తావు. అప్పుడు నన్ను తీసేసి ఎవడో ఖాన్‌ని తెచ్చి ఇక్కడ కూర్చోబెడతారు. నాకు వెనక బిడ్డలు కూడా లేరు. శల్వా ఏం చేయబోయాడో అది షా తాపీగా చేసుకుంటాడు."

"ఇవ్వకపోతే?" అన్నాడు ఆ ముసలి దొర.

"తోటలు నరికేస్తారు."

రోదాం వింటోంది కానీ మాటలు తల్లోకి పోవడం లేదు. పొద్దుట్నుంచీ ఆమె కోరుకున్నది ఒక్కటే, వీణ్ణి ఇచ్చెయ్యాలి. ఇప్పుడు వీణ్ణిస్తే లోయ పోతుంది. ఇవ్వకపోయినా పోతుంది. ఇంతకీ ఇదంతా మొదలైంది తను ఎత్తిన బాన మూతతోనని ఆమెకి తెలుసు. బెజాన్‌కీ తెలిసే ఉంటుంది, కానీ వాడు ఆమె పేరెత్తలేదు. అందుకు కృతజ్ఞత కలిగింది, కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో కోట తలుపు దగ్గర బూర ఊదారు.

షా దూత పేరు యాదిగార్ బేగ్. తలపాగా ఎర్రది, మీసం పర్షియా పద్ధతిది, పుట్టుక మాత్రం మా పక్క లోయలోనే. పసివాడిగా ఉండగా ఎత్తుకుపోయారు. మా భాష మరిచిపోలేదు కానీ, పెద్దవాళ్ళ మాటలు నేర్చుకునేలోపే వెళ్ళిపోయాడు. అంత మనిషి నోరు విప్పితే పాలబుగ్గల పిల్లాడు మాట్లాడినట్టుంటుంది. నవ్వొస్తుందనుకుంటారు. వాకిట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

"నేను వచ్చేశాను" అన్నాడు గుర్రం దిగకుండా. "చెడ్డవాడు ఏడి? మాకు వాడి మొహం తెలీదు. శల్వా పెళ్ళాం చూపించాలి. ఇదిగో వీడు అని చెప్తే మేం వెళ్ళిపోతాం. తోటలు కొట్టం. ఒట్టు."

బెజాన్ మెట్లు దిగబోయాడు. రోదాం వాణ్ణి దాటుకుని ముందుకెళ్ళింది. తల మీద గుడ్డ లేదు, జుట్టు గాలికి రేగుతోంది. అలా బయటికొచ్చినందుకు సిగ్గుపడే తీరిక కూడా ఆమెకి లేదు.

"నేనే శల్వా భార్యని."

"వీడేనా?" అని వెనక ఉన్న బెజాన్‌ని చూపించాడు దూత.

"ఆయన మా అత్తగారి కొడుకు."

"మరి బెజాన్?"

"బెజాన్ లేడు. చలికాలంలో మంచుచరియ విరిగిపడి దాని కింద పోయాడు. వాడితో ఆ పని చేయించింది నేను. నా మొగుణ్ణి నేనే చంపించాను."

వెనకాల ఎవరో "రోదాం" అన్నారు. రాజుగారి గొంతే. ఆమె తిరిగి చూడలేదు.

"ఎందుకు?" అన్నాడు యాదిగార్ బేగ్. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

రాజ్యం మాట వస్తే షాకి కోపం వస్తుంది. ఇంటి గొడవైతే రాదు. ఆరు నెలలుగా ఎవరిని తలుచుకుని కుమిలిపోయిందో ఆ మనిషి మీద రోదాం నిందవేసింది. "ఇంకో ఆడదాన్ని ఉంచుకున్నాడు. నన్ను కొట్టేవాడు. భరించలేకపోయాను."

దూత గుర్రం మీద నుంచే ముసలి రాణి వైపు చూశాడు. "అమ్మమ్మా, నిజమా?"

గుల్కాన్ మెట్లు దిగి వచ్చింది. ఆమె కాదంటే అక్కడితో అంతా అయిపోయేది. వచ్చి, కోడలి చెంప ఛెళ్ళుమనిపించింది. "నా బిడ్డని తిన్నావు కదే. నీ కడుపు కాలిపోను" అని వాకిలంతా వినపడేలా తిట్టింది. మళ్ళీ కొట్టింది. రెండోసారి కొట్టిన చెయ్యి చెంప మీద నుంచి వెంటనే లేవలేదు. ఆ వేళ్ళు ఆమె చెవి పక్క జుట్టుని ఒక్కసారి సర్దాయి. అది రోదాంకి తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాక అంత ప్రేమగా అత్తగారు ఆమెని తాకింది అప్పుడే.

"ఏడవకు అమ్మమ్మా" అన్నాడు దూత.

"నా గుర్రం తీసుకురండి" అంది రోదాం. "నేను వస్తాను."

యాదిగార్ బేగ్ ఆశ్చర్యపోయాడు. "నువ్వెందుకు? మా దగ్గర ఆడవాళ్ళని అడగరు. ఆడది తప్పు చేస్తే వాళ్ళింటి మగాడు వచ్చి చెప్పాలి. మొగుడు లేడు కదా. మొగుడి అన్న ఏడి?"

"ఆయనకేం తెలియదు. ఆయనకి సంబంధం లేదు. చేసింది నేను."

"మంచిది. ఆ మాట వచ్చి చెప్తాడు. తెలీకపోతే తెలీదని చెప్తాడు. చాలాసార్లు అడుగుతారు." దూత వేలు మెట్ల మీదికి తిరిగింది. "నువ్వే కదా?"

మా లోయలో ఎవరి తప్పుకి వాళ్ళే నిలబడతారు, ఆడైనా మగైనా. ఇంకోలా ఉంటుందని రోదాంకి తట్టనైనా తట్టలేదు. శల్వాను చంపించినవాణ్ణి ఆమె షా చేతికి అప్పగించేసింది. పొద్దున్న ఆమె కోరుకున్నది జరిగింది, ఇక వద్దనుకున్నాక జరిగింది.

ఎలిజ్బార్ మొలలోని కత్తి తీసి తల్లి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆమె తల తిప్పుకోలేదు, దీవించనూ లేదు. అతను గుర్రం దగ్గరికి నడుస్తూ రోదాం పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"నేను ఎన్నాళ్ళు ఓర్చుకోగలనో నాకే తెలియదమ్మా" అన్నాడు మెల్లగా. "నా ఓర్పు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఈలోపు జనాన్ని కనుమ దాటించు. అవతల సుల్తాను ఉన్నాడని భయపడకు. ఇక్కడ ఎటూ బతకనివ్వరు."

షా రౌతులు రాజు చేతులు ముందుకి కట్టి గుర్రం ఎక్కించారు. ఎర్ర తలపాగాలు తలుపు దాటి, తోటల మధ్య దారిలోకి దిగాయి. చిగుళ్ళు వేస్తున్న తీగల్లో ఒక్కటి కూడా తెగలేదు. దూత మాట నిలబెట్టుకున్నాడు. ముసలి దొరలు తలుపు వేసి గడియ పెట్టి, ఎవరేం చెప్తారోనని నిలబడ్డారు. చెప్పేవాడు ఆ గుర్రం మీద వెళ్ళిపోయాడని వాళ్ళకింకా తెలిసిరాలేదు.

కనుమ తలుపుకి కాపలా ఉన్నది బెజాన్ మనుషులు. వాళ్ళు వాడి మాట తప్ప ఇంకెవరి మాటా వినరు.

రోదాం వెనక్కి తిరిగింది. వాడు మెట్ల మీద తలవంచుకుని నిలబడి ఉన్నాడు. శల్వా కన్నా వయసులో చిన్నవాడు. ఆ ఇంటి కొడుకుని ఆ ఇంటి కోడలు ఏమని పిలవాలో అదే పిలవాలి. ఇంకో పిలుపు లేదు. కింద దారిలో గుర్రాల చప్పుడు ఇంకా వినపడుతోంది.

"మరిదీ" అంది. "కనుమ తలుపు ఎంతసేపట్లో తెరిపించగలవు?"